ఆరు వోల్టుల జావా

మా నాన్నగారి జావా 250 ఇప్పటికీ మా వసారాలోనే ఉంది. చెకోస్లొవేకియాలో పుట్టిన ఆ బండిని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. 1973లో యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

దాని కరెంటంతా ఆరు వోల్టులే. డైనమోను అదుపు చేసేది రెగ్యులేటర్. వోల్టేజీ పెరిగితే అందులోని తీగచుట్ట అయస్కాంతమై కాంటాక్ట్ పాయింట్లను విడదీస్తుంది. తగ్గితే స్ప్రింగు వాటిని మళ్లీ కలుపుతుంది. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా ఆపేది కటౌట్. పాయింట్లు కాలి హెడ్‌లైట్ మసకబారినప్పుడల్లా నాన్నగారు వాటిని గరుకు కాగితంతో రుద్దేవారు. ఇగ్నిషన్ పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల సందును ఫీలర్ గేజ్‌తో చూసి సరిచేసేవారు.

నేను రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, ఆ బండి కోసం చిన్న బోర్డు తయారుచేసుకున్నాను. కటౌట్ పని ఇప్పుడు ఒక డయోడ్ చేస్తుంది. కొట్టుకునే పాయింట్ల పని ట్రాన్సిస్టర్‌ది. ఇగ్నిషన్ పాయింట్ల చోట చిన్న అయస్కాంతం తిరుగుతుంది, హాల్ సెన్సర్ దాన్ని పసిగడుతుంది. అరగడానికి అక్కడ ఏమీ లేదు.

నాన్నగారు రుద్దిన రెగ్యులేటర్‌ను నూనె గుడ్డలో చుట్టి దాచాను. పాత బండిని మార్చేవారికి నా మనవి ఒకటే: తీసిన ప్రతి భాగాన్నీ భద్రపరచండి, ఛాసిస్‌కు ఒక్క కొత్త రంధ్రం కూడా వేయకండి. రేపటివాళ్లకు అసలు బండి తిరిగి దొరకాలి.