పేటెంట్లు, వ్యాపార రహస్యాలపై పీజీ చదువు: చేరేముందు తెలుసుకోవలసినవి

"మా అమ్మాయి బీకాం చేసి లా చదివింది. పేటెంట్ల కోర్సు చేయిస్తే పేటెంట్ ఏజెంట్ అవుతుందా?" మా సంఘానికి వచ్చే తల్లిదండ్రులు ఇలా అడుగుతుంటారు. కాలేదు. చదువు వేరు, అర్హత వేరు. ఈ సంగతి తెలియక మా సభ్యుల్లో ఒక కుటుంబం ఫీజుతోపాటు ఏడాది కాలం కూడా పోగొట్టుకుంది. అందుకే వివరాలు ఇక్కడ ఇస్తున్నాము.

రెండు రకాల రక్షణ

కొత్త ఆవిష్కరణను వివరంగా బయటపెట్టినందుకు ప్రభుత్వం ఇచ్చే హక్కు పేటెంట్. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. వ్యాపార రహస్యానికి రిజిస్ట్రేషన్ లేదు, గడువూ లేదు. గుట్టు నిలిచినన్నాళ్లే రక్షణ. దీనికి ప్రత్యేక చట్టం లేనందున కోర్టులు 1872 నాటి కాంట్రాక్టు చట్టాన్ని, నమ్మకద్రోహ సూత్రాలను ఆధారం చేసుకుంటున్నాయి. 2024లో లా కమిషన్ తన 289వ నివేదికలో ప్రత్యేక చట్టాన్ని సిఫారసు చేసింది.

ఉదాహరణకు, తరతరాలుగా ఇంట్లో వస్తున్న పచ్చడి కొలతలకు పేటెంట్ రాదు. 1970 పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(పి) సంప్రదాయ జ్ఞానాన్ని మినహాయించింది. ఆ కొలతలను గుట్టుగా ఉంచి, పనివారితో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే వ్యాపార రహస్యంగా కాపాడుకునే వీలుంది.

ఎక్కడ చదవవచ్చు

ఎల్‌ఎల్‌బీ ఉన్నవారు చాలా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో క్లాట్ పరీక్ష ద్వారా ఏడాది ఎల్‌ఎల్‌ఎంలో చేరవచ్చు. ఉద్యోగం మానలేనివారికి బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మేధోసంపత్తి హక్కులపై, హైదరాబాదు నల్సార్‌లో పేటెంట్లపై దూరవిద్య పీజీ డిప్లొమాలున్నాయి. మన రైల్వే కుటుంబాలకు బాగా తెలిసిన ఖరగ్‌పూర్‌లోని ఐఐటీలో ఇంజనీరింగ్ పట్టభద్రులకు మేధోసంపత్తి ప్రధానంగా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది.

ఏజెంట్ పరీక్ష

సెక్షన్ 126 ప్రకారం ఈ పరీక్ష రాసేవారు భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ పొంది ఉండాలి. బీఎస్సీ, బీటెక్ వారికి లా పట్టా గానీ డిప్లొమా గానీ అక్కరలేదు. బీఏ, బీకాంతో లా చదివినవారు నిరాశపడనక్కరలేదు. కోర్టు వ్యాజ్యాలు, కంపెనీల రహస్య ఒప్పందాలు రాయడం వంటి పనులు వారికి తెరిచే ఉన్నాయి.

మన ప్రాంతాల పేటెంట్ కార్యాలయాలు

కర్ణాటక, తమిళనాడు, యానాం వారికి చెన్నై. మహారాష్ట్ర వారికి ముంబై. ఒడిశా వారికి కోల్‌కతా.

ఫీజులు, తేదీలు ఏటా మారుతాయి. డబ్బు కట్టేముందు పిల్లల మొదటి డిగ్రీ పట్టా ఒకసారి తీసి చూడవలసిందిగా మనవి.