వేగమునకు హద్దు ఎట్లు ఏర్పడెను?

ఉదయము తొమ్మిది గంటలకు నరసరావుపేట వీథిలో ఒక మూల నిలిచి చూచినచో, ఒకే బాటపై ఎన్ని వేగములు కలవో తెలియును. బడికి నడచి పోవు పిల్లవాడు గంటకు సుమారు 5 కిలోమీటర్లు పోవును. సైకిలు 15 కిలోమీటర్లు పోవును. వాని ప్రక్కనే మిరపకాయల బస్తాలతో ట్రాక్టరు, సున్నపురాయితో లారీ, అన్నిటిని దాటుకొని మోటారుసైకిలు సాగిపోవును. ఇట్టి వీథులలో నిలిపిన వేగపరిమితి ఫలకమును చదువువారు కొందఱు; పాటించువారు ఇంకను తక్కువ. ఆ ఫలకము మీది అంకె ఎక్కడ నుండి వచ్చినది? దానిని జనులు లక్ష్యపెట్టకుండుటకు కారణమేమి?

మన దేశమునకు మోటారు బండి రాకముందే బండి తోలువారికి చట్టమొకటి ఉండెను. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 279వ సెక్షను, బహిరంగ మార్గమున ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు దుడుకుగా బండి తోలుటను నేరముగా నిర్ణయించెను. ఎద్దుబండ్లు, గుఱ్ఱపుబండ్లు తిరుగు ఆ కాలపు చట్టములో వేగపు అంకె ఏదియు లేదు. ఆ నేరమే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షనులోనికి చేరినది.

వేగమునకు అంకె వేసిన తొలి చట్టములలో ఒకటి బ్రిటనుది. 1865లో అచటి చట్టము, రోడ్డుపై నడచు ఆవిరియంత్రములు పల్లెలలో గంటకు 4 మైళ్ళు, పట్టణములలో 2 మైళ్ళు మించరాదని శాసించెను. యంత్రమునకు 60 గజములు ముందుగా ఒక మనిషి ఎఱ్ఱ జెండా పట్టుకొని నడువవలసియుండెను. అనగా యంత్రము మనిషి నడక కన్న వేగముగా పోరాదన్నమాట. 1896 జనవరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అను నతడు కెంటు ప్రాంతములో 2 మైళ్ళ హద్దు గల చోట 8 మైళ్ళ వేగముతో కారు నడపగా, పోలీసు భటుడు సైకిలుపై వెంటాడి పట్టుకొనెను. వేగమునకు గాను అతనికి పడిన జరిమానా ఒక షిల్లింగు. ఆ సంవత్సరమే హద్దును 14 మైళ్ళకు, 1903లో 20 మైళ్ళకు పెంచిరి. దానిని కూడ కారు నడపువారు మీరుచునే యుండిరి. ఎవరును పాటింపని శాసనము వలన చట్టమునకే గౌరవము తగ్గుచున్నదను వాదము బలపడి, 1930లో కార్లకు వేగపు హద్దును పూర్తిగా తీసివైచిరి.

ఫలితమేమి? 1934లో బ్రిటను రోడ్లపై 7,343 మంది మరణించిరి. మఱుసటి సంవత్సరము మార్చిలో ఇండ్లు దట్టముగా నున్న ప్రదేశములలో 30 మైళ్ళ, అనగా సుమారు 48 కిలోమీటర్ల, హద్దు తిరిగి వచ్చినది. మొదటి హద్దు యంత్రమును చూచి భయపడి పెట్టినది. దానిని తొలగించినప్పుడు యంత్రపు శక్తినే తలచిరి. మూడవసారి మాత్రమే ఈ బాట ప్రక్కన ఎవరు నివసించుచున్నారని ఆలోచించిరి. సరియైన ప్రశ్న ఇదియే.

మన దేశములో 1914 నాటి మోటారు వాహనముల చట్టము, తరువాత 1939 చట్టము, 1989 జూలై నుండి అమలులోనున్న 1988 చట్టము క్రమముగా వచ్చినవి. ప్రజాక్షేమము కొఱకు గాని, రోడ్డు లేదా వంతెన స్వభావమును బట్టి గాని, రాష్ట్రప్రభుత్వము ఆయా చోట్ల తక్కువ హద్దును విధించి ఫలకములు నాటింపవచ్చునని 1988 చట్టపు 112వ సెక్షను చెప్పుచున్నది.

పల్నాటి కిది ముఖ్యమైన విషయము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగినది. ఆనకట్ట, కాలువలు, వాని వెంట పైరులు, సిమెంటు కర్మాగారములు వచ్చిన కొలది మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ బాటలపై బరువు బండ్లు పెరిగినవి. ఊరి నడివీథి, దూరప్రయాణపు రహదారి అనేక చోట్ల ఒక్కటే. డ్రైవరునకు అది రహదారిగా తోచును. పిల్లవానికి అది తన వీథి.

ఇక అంకెలోని శాస్త్రమును చూతము. ఆపద కనబడి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టుననుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆ సెకనులో 8 మీటర్లు పోవును. పొడి రోడ్డుపై మంచి బ్రేకుతో మఱి 5 మీటర్లలో నిలుచును. మొత్తము 13 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు పోవును. కనుక 14 మీటర్ల దూరములో పిల్లవాడు అడ్డు వచ్చినచో మొదటి కారు వానిని తాకకయే నిలుచును. రెండవది బ్రేకు పడకముందే పూర్తి వేగముతో వానిని ఢీకొనును. వేగము రెట్టింపైన గతిశక్తి నాలుగు రెట్లగును. 30 కిలోమీటర్ల వేగము మూడున్నర మీటర్ల మిద్దె మీదినుండి పడిన వేగముతో సమానము. 60 కిలోమీటర్లది 14 మీటర్ల తాటిచెట్టు మీదినుండి పడిన దానితో సమానము. రెండు కిలోమీటర్ల ఊరిని దాటుటలో ఈ అధిక వేగము మిగుల్చునది రెండు నిమిషములే.

చట్టమును మీరుట జనుల స్వభావమని సరిపెట్టుకొనరాదు. అంకెకు కారణము తెలియనప్పుడు, శిక్ష పడునో పడదో యన్నప్పుడు, రోడ్డే విశాలముగా నుండి తొందరపెట్టునప్పుడు ఎవరైనను హద్దు మీరుదురు. నోబెలు బహుమానము పొందిన భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్, తన విశ్వవిద్యాలయములో కార్లు వేగముగా పోవుట చూచి, 1953లో రోడ్డుపై వేయు గుండ్రని మిట్టను రూపొందించెను. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 25 కిలోమీటర్ల వేగమునకు సూచించిన మిట్ట వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. కొలత లేక పోసిన మట్టికట్ట మోటారుసైకిలు వానినే పడద్రోయగలదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరము 1992లో, ప్రధాన మార్గములను మినహాయించి, ఊరంతటను 30 కిలోమీటర్ల హద్దు విధించినది.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 71 మరణములకు అతివేగము కారణమని కేంద్రప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. 2019 సవరణతో కారు అతివేగమునకు జరిమానా 1,000 నుండి 2,000 రూపాయల వరకు పెరిగినది. జరిమానా అవసరమే. కాని ఫలకము మీది అంకె బండి ఎంత వేగముగా పోగలదో చెప్పునది కాదు. బాటపై నున్న అందఱిలో బలహీనుడు ఎంత దెబ్బకు ఓర్వగలడో చెప్పునది. బడిలో గతిశక్తి పాఠము చెప్పునాడు, ఉపాధ్యాయుడు పిల్లలను బడి ముందరి వీథికి తీసికొనిపోయి 13 మీటర్లు కొలిపించినచో, ఆ అంకె వారికి జీవితాంతము గుర్తుండును.