అప్పీలు లేని తీర్పు

1917లో రెండు సంగతులు జరిగాయి. పెట్రోగ్రాడ్‌లో బోల్షెవిక్కులు అధికారం చేజిక్కించుకున్నారు. మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వడ్డీ, భూబదలాయింపుల చట్టం చేసింది. కొండవాడి భూమి పైవాడికి చెల్లాలంటే సర్కారు ఏజెంటు రాతపూర్వక అనుమతి ఉండాలని అందులో ఉంది. మొదటి సంగతి లోకమంతా మోగింది. రెండోది కచేరీ బీరువాలో నిద్రపోయింది. అర్ధశతాబ్దం తర్వాత ఆ రెండూ పాత గంజాం, విశాఖ కొండల్లో ఎదురుపడ్డాయి.

పాత గంజాం అనడానికి కారణం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలి, 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరాయి. సరిహద్దు పటం మీదే మారింది. సవరల పోడు, సంత, షావుకారి బాకీ రెండు వైపులా ఒకటే. ఉప్పుకీ కిరసనాయిలుకీ చేసిన అప్పు చింతపండు తూకంలో తీరేది కాదు. ఏటా పెరిగి చివరికి భూమిని మింగేది. మైదానంలోనూ జమీందారీ పోరు ఉంది. మందసా రైతుల మీద 1940లో పోలీసులు కాల్పులు జరిపితే గర్భిణి గున్నమ్మ నేలకొరిగింది.

ఈ నేలలో కమ్యూనిస్టులు మొదట తుపాకీ పట్టలేదు, పలక పట్టారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్లు. వాళ్లు కట్టిన గిరిజన సంఘం కూలిరేట్లు పెంచింది, వెట్టిని ఆపింది, పోయిన భూముల లెక్క అడిగింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడు కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. 1917 చట్టం అమలు కాలేదు, 1968లో న్యాయస్థానమూ ఆదుకోలేదు. సాయుధ పోరాటానికి నక్సలైట్ నేత చారు మజుందార్ సిద్ధాంతం కంటే ముందు దారి వేసింది ఈ తీర్పే. నవంబరులో దాడులు మొదలయ్యాయి.

బొడ్డపాడు పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఒడియా మూలాలున్న తెలుగు కవి. జముకుల కథ పల్లెవాళ్లకు కొత్తది కాదు. చంకలో జముకు ఇరికించుకుని, తంతి లాగి వదిలితే గుమ్మని మోగుతుంది, దాని మీద కథ సాగుతుంది. ఎల్లమ్మ కథలు విన్న ఆ చెవులకే ఆయన విప్లవాన్ని వినిపించాడు.

పోరాటం నిలదొక్కుకున్న ఊళ్లలో రైతాంగ సంగ్రామ సమితులు, ప్రజాకోర్టులు వెలిశాయి. అప్పుపత్రాలు కాలాయి, తాకట్టు వస్తువులు తిరిగొచ్చాయి. రాజ్యం చేయాల్సిన పనిని దళం చేసింది. అయితే ఫిర్యాదీ, న్యాయమూర్తి, తలారి ఒక్కరే అయ్యారు. ‘వర్గశత్రు నిర్మూలన’ పంథాగా మారాక సంఘం వెనక్కి పోయింది, దళం ముందుకొచ్చింది.

రష్యాలో జరిగిందీ ఇదే, పెద్ద కొలతలో. 1917 డిసెంబరులో చేకా అనే రహస్య పోలీసు సంస్థ పుట్టింది. ఎన్నికల్లో బోల్షెవిక్కులకు మెజారిటీ రాని రాజ్యాంగ సభను 1918 జనవరిలో, ఒక్క సమావేశం కాగానే మూసేశారు. 1921లో పార్టీలోని ముఠాలపైనా నిషేధం వచ్చింది. బయటివాళ్ల నోరు ముందు మూతపడింది, తర్వాత లోపలివాళ్లది. స్టాలిన్ చేతికొచ్చేసరికి యంత్రం సిద్ధంగా ఉంది. శ్రీకాకుళంలో అధికారం అంతదూరం పోలేదు. ఆ యంత్రం తొలి మరలు మాత్రం ఇక్కడా కనిపించాయి.

సర్కారూ తక్కువ తినలేదు. 1969లో ఉద్యమ నేతలు పంచాది కృష్ణమూర్తి, పాణిగ్రాహి, 1970 జూలై 10న బోరి కొండల్లో సత్యం, కైలాసం పోలీసుల చేతుల్లో చనిపోయారు. ‘ఎన్‌కౌంటర్’ కూడా అప్పీలు లేని తీర్పే.

ఉద్యమంలో చేరిన గుణుపురం వకీలు నాగభూషణ్ పట్నాయక్‌కు విశాఖ కోర్టు 1970లో ఉరిశిక్ష వేసింది. వకీలై ఉండీ ఆయన అప్పీలుకు వెళ్లనన్నాడు. తర్వాత ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. 1972లో విశాఖ జైలు నుంచి ఆయన, కానూ సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు సహా మొత్తం ఆరుగురు రాసిన లేఖలో, సంఘాలను వదిలేసి రహస్య హత్యలను నమ్ముకున్న పంథాను తప్పుబట్టారు. ఒక దేశపు ఛైర్మన్‌ను ఇంకో దేశపు పార్టీ తన ఛైర్మన్ అనుకోవడం సరికాదని చైనా ప్రధాని చౌ ఎన్‌లై మావో గురించి అన్న మాటనూ అందులో చెప్పారు. అప్పటికి వినాల్సినవాళ్లు చాలామంది మిగల్లేదు.

మిగిలింది ఒక చట్టం. గిరిజనేతరులకు ఏజెన్సీ భూబదలాయింపును మూసేసిన 1/70 ఆ పోరు వేడిలోనే, 1970లో వచ్చింది. బీరువాలో పడుకున్న 1917ను లేపడానికి అంత రక్తం కావలసి వచ్చింది.

ఒడిశా వైపు కథ తర్వాత మళ్లీ మొదలైంది. 2006 మార్చిలో మావోయిస్టులు ఆర్. ఉదయగిరి జైలుపై దాడి చేసి ఖైదీలను విడిపించారు. 2012లో గంజాం-కంధమాల్ సరిహద్దులో ఇద్దరు ఇటాలియన్లను మావోయిస్టు నేత సవ్యసాచి పండా దళం ఎత్తుకుపోయింది. అదే ఏడు నాయకత్వాన్ని విమర్శిస్తూ లేఖ రాసినందుకు పార్టీ పండాను ద్రోహి అని వెలేసింది. 2014 జూలైలో బరంపురంలో పోలీసులకు చిక్కాడు. సొంత పార్టీ ఇవ్వని వాదన అవకాశం ఆయనకు చివరికి దొరికింది, తాను కూలదోయాలనుకున్న రాజ్యపు కోర్టు బోనులో.