గీతలు కలిసిన చోటే జవాబు: గ్రాఫ్ వెనక ఉన్న చరిత్ర



మన హాస్టళ్ళలో లెక్కలంటే భయపడి ఇంటర్‌లో వేరే గ్రూపు తీసుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరికి గ్రాఫ్ గీయడం బాగానే వస్తది. కానీ "సూత్రం రానోళ్ళే గ్రాఫ్ గీస్తరు" అనే మాట విని మనమే దాన్ని తక్కువగా చూస్తాం. చరిత్ర చదివితే ఈ మాటలో నిజం లేదని తెలుస్తది.

ముందు అసలు విషయం. రెండు ప్రమేయాలు ఎక్కడ సమానమో కావాలంటే రెండిటినీ ఒకే కాగితం మీద గీయాలి. గీతలు కలిసిన చోట రెండిటి విలువ ఒకటే. అక్కడి నుంచి ఎక్స్ అక్షం మీదికి నిలువుగా వస్తే దొరికే సంఖ్యే జవాబు.

ఈ ఆలోచన చాలా పాతది. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు మెనైక్మస్, ఒక ఘనానికి రెట్టింపు ఘనపరిమాణం ఉన్న ఘనాన్ని వక్రరేఖల ఖండనతో సాధించాడు.

తర్వాత ఉమర్ ఖయ్యాం (1048–1131). ఈ పేరు వినగానే మన తెలుగువాళ్ళకు దువ్వూరి రామిరెడ్డి గారి 'పానశాల' గుర్తొస్తది. కానీ ఆయన గొప్ప గణితవేత్త కూడా. 'ఖయ్యాం' అంటే గుడారాలు కుట్టేవాడు అని అర్థం. ఇరాన్‌లోని నిషాపూర్‌లో పుట్టిన ఆయన, ఘన సమీకరణాలను రకాలుగా విడదీసి, వక్రరేఖలు గీసి సాధించాడు.

ఆయన పద్ధతిని మన గ్రాఫ్ భాషలో చూద్దాం. ఎక్స్ ఘనం + 4 ఎక్స్ = 16 అనుకుందాం. ఎక్స్ వర్గం = 2 వై అనే పరావలయం గీయాలి. మూలబిందువు దగ్గర మొదలై, ఎక్స్ అక్షం మీద 4 యూనిట్ల వ్యాసం ఉన్న అర్ధవృత్తం పైకి గీయాలి. మూలబిందువును వదిలేస్తే రెండూ (2, 2) దగ్గర కలుస్తాయి. అంటే ఎక్స్ = 2. సరిచూద్దాం: 8 + 8 = 16. సరిపోయింది.

వీటికి అంకగణిత పద్ధతి తనకు దొరకలేదని, తర్వాత వచ్చేవాళ్ళకు దొరకొచ్చని ఖయ్యాం దాచకుండా రాశాడు. ఆ సూత్రం 1545లో ఇటలీకి చెందిన కార్డానో పుస్తకంలో అచ్చయింది. అంటే ఇక్కడ బొమ్మ ముందు, సూత్రం నాలుగు వందల ఏళ్ళ తర్వాత! 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్ట్ పుస్తకం వచ్చాక గీతకూ సమీకరణానికీ సంబంధం ఇంకా గట్టిపడింది.

సూత్రం వచ్చాక గ్రాఫ్ పని అయిపోయిందా? లేదు. కొసైన్ ఎక్స్ = ఎక్స్ తీసుకోండి. మనం చదివే సూత్రాలేవీ దీనికి పనికిరావు. రేడియన్లలో రెండు గీతలూ గీస్తే సుమారు 0.74 దగ్గర కలుస్తాయి.

అందుకే జూనియర్లకు చెబుదాం: గీయండి, కలిసిన చోటు చూడండి, ఆ విలువను సమీకరణంలో పెట్టి సరిచూడండి. గ్రాఫ్ గీయడం వస్తే లెక్కలు రానట్టు కాదు, వచ్చినట్టే. ఆ ధైర్యంతో ఒక్కరు ఎంపీసీలో చేరినా మనకు సంతోషమే.