మంత్రగాడు కత్తి పట్టాలంటే

గేములో మన పార్టీలో, అంటే జట్టులో, ఆరుగురున్నారు. కత్తి తిప్పేవాణ్ణి ఆ పనికే వదిలెయ్యాలా, నాలుగు మంత్రాలు కూడా నేర్పించాలా? రోల్ ప్లేయింగ్ గేములు ఆడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు ఇది. పుట్టింది మాత్రం కంప్యూటర్లో కాదు, కాగితం మీద.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో మొదట ఉన్నవి మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అనే పూజారి. ఎల్ఫ్ జాతికి మాత్రం ఒక వెసులుబాటు ఇచ్చారు. ఒక సాహసంలో యోధుడిగా, ఇంకోదాంట్లో మాంత్రికుడిగా దిగొచ్చు. అయితే యోధుడిగా 4వ లెవెల్, మాంత్రికుడిగా 8వ లెవెల్ దాటడానికి వీల్లేదు. మనిషికి ఆ హద్దు లేదు. రెండో విద్యకు వెల కట్టడం అక్కడే మొదలైంది. అప్పట్నుంచి ప్రతి గేమూ ఆ వెలను పెంచడమో తగ్గించడమో చేస్తూనే ఉంది.

1981లో వచ్చిన కంప్యూటర్ గేము ‘విజార్డ్రీ’ ఆ వెలను నిర్దయగా వసూలు చేసింది. క్లాసు మార్చుకుంటే నేర్చిన మంత్రాలు దక్కుతాయి గానీ లెవెల్ ఒకటికి పడిపోతుంది, బలం, తెలివి లాంటివన్నీ ఆ జాతికుండే కనీసానికి జారిపోతాయి. పైగా పాత్రకు వయసు మీద పడుతుంది! కొత్త విద్యకు ఆయుష్షులో కొన్నేళ్లు ధారపొయ్యాలన్నమాట. ఇంతకంటే నిజాయితీ గల లెక్క ఆ తర్వాత ఏ గేములోనూ నాకు కనిపించలేదు.

జపాన్ వాళ్లు ఆ కాఠిన్యాన్ని కొంత సడలించారు. 1987 నాటి మొదటి ‘ఫైనల్ ఫాంటసీ’లో రెడ్ మేజ్ అనే క్లాసువాడు కత్తీ పడతాడు, దెబ్బ తీసేవీ నయం చేసేవీ రెండు రకాల మంత్రాలూ వేస్తాడు. మొదట్లో వాడంత పనికొచ్చేవాడు లేడు. ఆట ముదిరేసరికి రెంటికీ చెడ్డ రేవడి. మరుసటేడు ‘డ్రాగన్ క్వెస్ట్ 3’లో ధర్మ ఆలయం వచ్చింది. 20వ లెవెల్ చేరినవాళ్లు అక్కడ వృత్తి మార్చుకోవచ్చు. లెవెల్ ఒకటికి వస్తుంది, శక్తులు సగమవుతాయి, మంత్రాలు మిగులుతాయి. ఇందులో ఓ చమత్కారం ఉంది. అన్ని మంత్రాలూ వేసే ‘జ్ఞాని’ కావాలంటే అరుదైన పుస్తకమొకటి సంపాదించాలి. పుస్తకం అక్కర్లేనివాడు ఒక్కడే: యుద్ధం మధ్యలో మన మాట వినకుండా వేషాలేసే జులాయి. ఆ దండగమారిని 20 లెవెళ్లు భరిస్తే నేరుగా జ్ఞాని అయిపోతాడు.

1992 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 5’ ఒక ‘జాబ్’లో (అక్కడ క్లాసుకు పేరది) నేర్చినదాన్ని ఇంకో జాబ్‌లోకి మోసుకెళ్లనిచ్చింది. శిక్ష దాదాపు పోయింది. మిగిలింది గంటలకొద్దీ గ్రైండింగ్, అంటే అవే పోరాటాలు మళ్లీ మళ్లీ చెయ్యడం.

మరీ చవకైతే ఏమవుతుందో 2006లో ‘ఫైనల్ ఫాంటసీ 12’ చూపించింది. ఆయుధం పట్టాలన్నా మంత్రం వెయ్యాలన్నా బోర్డు మీద దాని లైసెన్సు కొనాలి. ఆరుగురికీ ఒకటే తరహా బోర్డు. చివరిదాకా ఆడితే ఆరుగురూ అన్నీ నేర్చి, పేర్లు తప్ప తేడా లేనట్టు తయారయ్యేవారు. మరుసటేడు జపాన్‌లో దాన్ని మార్చి మళ్లీ విడుదల చేశారు: పన్నెండు బోర్డులు, ఒక్కొక్కరికి ఒకటే, ఎంచుకున్నాక మార్పు లేదు. 2017 నాటి ‘జోడియాక్ ఏజ్’లో మనిషికి రెండేసి ఇచ్చారు. నన్నడిగితే ఆ రెండే సరైన లెక్క. ఎవరికి ఏది జతచెయ్యాలని బుర్ర బద్దలుకొట్టుకోవడంలోనే ఆ గేము మజా అంతా ఉంది.

2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో ఎన్ని క్లాసులైనా కలుపుకోవచ్చు. నచ్చకపోతే శిబిరంలో విదర్స్ అనే ఎముకల గూడు లాంటి పెద్దాయనకు 100 బంగారు నాణేలిస్తే మొదటి లెవెల్ నుంచి మళ్లీ కట్టుకోనిస్తాడు. ఆ నాణేలు కూడా ఆయన జేబు కొట్టి తిరిగి తెచ్చుకునేవాళ్లున్నారు.