జ్యేష్ఠా నక్షత్రమునకు తూర్పున

జ్యేష్ఠ మాసపు రాత్రులందు కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో ఆరుబయట పరుండువారికి దక్షిణాకాశమున వృశ్చికరాశి చక్కగా కానవచ్చును. దాని నడుమ ఎఱ్ఱగా మెఱయునది జ్యేష్ఠా నక్షత్రము. దానికి కొంత తూర్పుగా, కంటికి విశేషమేమియు తోపని చోటొకటి కలదు. శ్రోతలకు ఆ చోటి కథను మనవి చేయుచున్నాము.

1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశమునంతను ఛాయాచిత్రములలో నిలుపదలచి, దానిని పట్టీలుగా విభజించి వేధశాలలకు పంచిరి. చిలీ దేశపు శాంటియాగో వేధశాల నెరవేర్పలేకపోయిన భాగము హైదరాబాదునకు వచ్చెను. ఈ సీమలు నాడు నైజాము రాజ్యమునందే యుండెను. నవాబు జఫర్ జంగు 1901లో నెలకొల్పగా, 1908లో ప్రభుత్వాధీనమైన నిజామియా వేధశాల, ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 మొదలు 23 డిగ్రీల వరకు గల ఆ పట్టీని 1914 నుండి 1929 వరకు గాజుపలకలపై చిత్రించెను. ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి అంకెలలో వ్రాసినవారి ఓర్పు కొనియాడదగినది.

మేము చెప్పిన చోటు ఆ పట్టీ దక్షిణపు అంచుననే యున్నది. పలకలకు దొరకినవి మన పాలపుంతలోని చుక్కలు. వాని వెనుక, ధూళి మాటున, సుమారు 39 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున సర్పధారి యను గెలాక్సీల సమూహము కలదు. అది ఆ పలకలకు అందునది కాదు.

ఆ సమూహపు నడిమి గెలాక్సీలో ఒక మహా కృష్ణబిలము కలదు. కృష్ణబిలము తనలో పడిన వెలుతురును సైతము విడువదు. కాని పడబోవు వాయువు సుడి తిరిగి, కాగి, అందు కొంత రెండు దిక్కులకు ధారలుగా చిమ్మబడును. చంద్ర యను ఎక్స్‌రే దుర్బిణి చిత్రములలో ఈ సమూహపు వేడి వాయువున వంపు తిరిగిన అంచొకటి కనబడినదని 2016లో ప్రకటించిరి. అంతటి గుంటను ఒక కృష్ణబిలము త్రవ్వినదనుట నాడు నమ్మశక్యము కాలేదు. 2020లో పుణె చెంత ఖోడద్‌లోని రేడియో దుర్బిణియు, ఆస్ట్రేలియాలోని మఱియొకటియు పట్టిన తరంగములు ఆ గుంటలో సరిగా ఇమిడినవి. సందేహము తీరెను. మన పాలపుంతవంటివి పదునైదు వరుసగా పట్టునంతటి గుంట యది!

దీనివలన గెలాక్సీల పుట్టుకకు వచ్చినదేమి? వాయువు చల్లబడినగాని చుక్కలు పుట్టవు. చెఱువు నిండినచో మత్తడి దూకి మిగులు నీరు వెడలునట్లు, ఆహారము మిక్కుటమైనప్పుడు కృష్ణబిలము ధారలను చిమ్మి చుట్టునున్న వాయువును కాచును, తఱుమును. అంతట చుక్కల పుట్టుక మందగించును. దాని ఆహారమును తఱుగును, ధారలును అణగును. వాయువు మరల చల్లారును. మహా గెలాక్సీలు హద్దులేక పెరుగకుండుటకు ఇదియే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కొన్ని యెడల ఈ ధారలే వాయువును అదిమి క్రొత్త చుక్కలకు కారణమగుటయు కలదు.

మన పాలపుంత నడుమ 40 లక్షల సూర్యుల బరువుగల కృష్ణబిలము నేడు శాంతముగా నున్నది; ఇచట చుక్కలు నేటికిని పుట్టుచున్నవి.