హిజ్లీ నిర్బంధ శిబిరం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పక్కన 1930లో బ్రిటిష్ ప్రభుత్వం తెరిచిన శిబిరం. స్వాతంత్ర్య యోధులను ఇక్కడ విచారణ లేకుండా నిర్బంధించారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది సొంత ఊరి చరిత్రే.

ఇక్కడికి చేర్చడానికి నేరం రుజువు కానక్కర్లేదు. పోలీసు నిఘాలో పోగుపడిన అనుమానం చాలు. ఆ అనుమానాన్ని బహిరంగ కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. 1931 సెప్టెంబర్ 16 రాత్రి నిరాయుధులైన నిర్బంధితులపై కాపలా పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ తీవ్రంగా నిరసించారు.

1942లో శిబిరం మూతపడింది. 1951లో ఐఐటీ ఖరగ్‌పూర్ తరగతులు ఈ భవనంలోనే మొదలయ్యాయి. 1990 నుంచి ఇందులో నెహ్రూ సైన్స్, టెక్నాలజీ మ్యూజియం నడుస్తోంది.

నిఘాలో బతకడం ఎలా ఉంటుందో సందర్శకులకు స్వయంగా తెలియజెప్పే కళకు హిజ్లీ గదులకన్నా తగిన చోటు మన దేశంలో అరుదు. 2017లో న్యూయార్క్ పార్క్ అవెన్యూ ఆర్మరీలో కళాకారుడు ఐ వేవే, వాస్తుశిల్పులు హెర్జోగ్, డి మ్యురాన్ అలాంటి ప్రదర్శనే పెట్టారు. చీకటి హాల్లో నడిచేవారిని పరారుణ కెమెరాలు చిత్రిస్తే, ఆ బొమ్మలు వాళ్ల కాళ్ల దగ్గరే నేలమీద పడేవి. తలపైన డ్రోన్లు తిరిగేవి. తర్వాతి గదిలో కంప్యూటర్ వారి ముఖాలను గుర్తుపట్టేది. ఇలాంటి నిఘా ప్రశ్నకు సంబంధించే మన దేశంలో, అదే ఏడాది ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని భారత సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది.